అదే పది ప్రశ్నలు: కింద 4, మేడ మీద 17

ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి, ఇవాళ విషయం కొంచెం ఇంటి విషయం. పక్కన అమ్మానాన్న ఉన్నా పర్లేదు, వాళ్ళు కూడా వింటే ఇంకా మంచిది. కానీ మీ ఇంట్లో ఇప్పుడు గర్భిణీ గానీ, బాలింత గానీ ఉంటే, ముందు మీరొక్కరే వినండి. ఎందుకో మధ్యలో చెప్తాను.

మాది చీమకుర్తి. గెలాక్సీ గ్రానైట్ అంటే చాలామందికి తెలుసు, నల్లరాయి మీద బంగారు చుక్కలు. ఆ రాయి మా ఊరిదే. నిరుడు డిసెంబర్‌లో మా అక్కకి పాప పుట్టింది, తొలి కాన్పు. పురిటికి మా ఇంటికే వచ్చింది. ఈ కథ అక్కని అడిగే చెప్తున్నా. పేరు చెప్పొద్దు, ఫొటో పెట్టొద్దు, ఏడుపు మ్యూజిక్ అస్సలు పెట్టొద్దు అని మూడు షరతులు పెట్టింది. మూడూ ఒప్పుకున్నా.

అక్క పురిటికొస్తే తమ్ముడికి ఏం పనులుంటాయో మీకు తెలుసు కదా. బండి మీద మందుల షాపు, డైపర్లు, కొబ్బరి బొండాలు, చూడ్డానికి వచ్చినవాళ్ళకి కూల్‌డ్రింకులు. నేను అవన్నీ చేశా. మంచి తమ్ముణ్ణి అనుకున్నా. అదే టైంలో మాకు పత్తి తీతలు, మిరప కోతలు మొదలయ్యాయి. కౌలు చేను. కూలీలు దొరికిన రోజున అమ్మ చేలో ఉండాల్సిందే. పొద్దున ఆరింటికి పోతే మళ్ళీ సాయంత్రం. నేను కాలేజీకి. అంటే ఇంట్లో పగలంతా అక్క, పాప. అంతే. మేము మాత్రం "పుట్టింట్లో ఉంది, ఇంకేం కావాలి" అనుకున్నాం.

ఒకరోజు అక్క ఫోన్లో డేటా అయిపోయి రాత్రి నా ఫోన్ తీసుకుంది. తెల్లారి చూస్తే నా ఫోన్ నిండా పసిపిల్లల వీడియోలు. సెర్చ్ హిస్టరీ చూశా. రెండు గంటల నలభై నిమిషాలకి, "బిడ్డ నిద్రలో ఊపిరి ఆగిపోతుందా". మూడింటికి మళ్ళీ అదే. మూడుంపావుకి "పాలు సరిపోకపోతే బిడ్డకి ఏమవుద్ది". నాలుగున్నరకి మళ్ళీ ఊపిరి. నేనేం చేశానో తెలుసా? "ఏంటక్కా, నా ఫోన్‌ని అంగన్‌వాడీ చేశావు" అని నవ్వా. తనూ నవ్వింది. "నీకేం, కూర్చుని తింటున్నావు, రాత్రంతా ఫోన్ చూడ్డమే పని" అని కూడా అన్నా. ఇది గుర్తొస్తే ఇప్పటికీ నాకు బాగోదు.

ఒకసారి ఆసుపత్రిలో కుట్లు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు "నిద్ర పట్టట్లేదు మేడమ్" అని అక్కే నోరు తెరిచి చెప్పింది. "బాలింతకి నిద్రేంటమ్మా, అందరికీ ఇంతే" అన్నారు. ఏ ఆసుపత్రో చెప్పను, అవసరం లేదు. ఆ మాట మన ఊళ్ళల్లో ఎక్కడికెళ్ళినా వినిపిస్తుంది.

సంక్రాంతికి బావ హైదరాబాద్ నుంచి వచ్చాడు. బావ వాళ్ళమ్మ కూడా వచ్చింది. మా పిన్ని కూతురు గుంటూరులో నర్సింగ్ చదువుతుంది, తనూ వచ్చింది. భోజనాలయ్యాక అందరం హాల్లో కూర్చున్నాం. చెల్లి ఫోన్ తీసి, "అక్కా, నా ప్రాక్టికల్స్‌కి ఒకటి చేయాలి, పది ప్రశ్నలు, చెప్పవా" అంది. అక్క మంచం మీద, ఒళ్ళో పాప. ఇటు వాళ్ళత్త, అటు అమ్మ, ఎదురుగా బావ.

"ఈ వారం రోజుల్లో నవ్వొచ్చే విషయాలకి నవ్వగలిగావా?" ఆఁ. "ఏ కారణం లేకుండా కంగారు పడ్డావా?" లేదు. "భయమేసిందా?" ఎందుకేస్తుంది. "ఏడుపొచ్చిందా?" వాళ్ళత్త మధ్యలో అందుకుంది, "ఏడవడానికి మా కోడలికి ఏం తక్కువ?" అందరం నవ్వాం. అక్క కూడా నవ్వింది. చివరి ప్రశ్న చెల్లి చదవకుండా ఆపేసింది. అది కాకుండా లెక్కేస్తే 4. ముప్పైకి నాలుగు. అంటే ఏమీ లేనట్టే.

చెల్లికి ఎక్కడో అనుమానం వచ్చినట్టుంది. సాయంత్రం ఆరేసిన బట్టలు తెద్దాం రా అని అక్కని మేడ మీదికి తీసుకెళ్ళింది. పాపని నాకిచ్చారు. నలభై నిమిషాలు దిగలేదు. పాప ఏడుస్తుంటే నేను మెట్ల దాకా వెళ్ళా. పైన ఇంకో ఏడుపు వినిపించింది. వెనక్కొచ్చేశా.

అవే పది ప్రశ్నలు. మేడ మీద 17 వచ్చింది.

ఇప్పుడు ఆ పది ప్రశ్నలు ఏంటో చెప్తాను, ఇక్కడ కొంచెం ఓపిగ్గా వినండి.

దాని పేరు ఎడిన్‌బరో పోస్ట్‌నేటల్ డిప్రెషన్ స్కేల్. పొట్టిగా ఈపీడీఎస్. 1987లో స్కాట్లాండ్‌లో జాన్ కాక్స్, జెనిఫర్ హోల్డెన్, రూత్ సగోవ్‌స్కీ అనే ముగ్గురు తయారుచేశారు. అక్కడ కాన్పు తర్వాత నర్సులు ఇంటికొచ్చి తల్లీబిడ్డల్ని చూస్తారు, మనకి ఆశా కార్యకర్తలు వచ్చినట్టే. పెద్ద డాక్టర్లు కాదు, ఇలా ఇంటికొచ్చేవాళ్ళు ఐదు నిమిషాల్లో వాడుకోవాలని చేసిన కాగితం అది. పది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 30. గత ఏడు రోజుల గురించే అడుగుతుంది.

మామూలు డిప్రెషన్ ప్రశ్నల్లో "తిండి తింటున్నావా, అలసటగా ఉందా, నిద్ర పడుతుందా" అని ఉంటాయి. బాలింతని అవి అడిగితే ఎవరైనా అలసటే అంటారు, ఎవరికైనా నిద్ర ఉండదు. అందుకని ఇందులో అలాంటివి చాలావరకు తీసేశారు. నిద్ర గురించి ఒకటి ఉంది, కానీ అది వేరేలా ఉంటుంది. మనసు బాగోలేక నిద్ర పట్టట్లేదా అని. తేడా చూడండి. పాప లేపితే నిద్ర లేకపోవడం వేరు. పాప గుర్రు పెట్టి పడుకున్నా, పక్కన అమ్మ "నేను చూస్తాలే పడుకో" అన్నా, కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తూ ఉండడం వేరు. మా అక్కది రెండోది. "అందరికీ ఇంతే" అన్న ఆ మేడమ్‌కి ఈ తేడా అడగడానికి ఒక్క నిమిషం పట్టేది.

ఇంకోటి, ఇందులో మూడు ప్రశ్నలు అసలు దిగులు గురించే కాదు. తప్పు లేకపోయినా నన్ను నేనే తిట్టుకుంటున్నానా, ఊరికే కంగారు పడుతున్నానా, గుండె దడగా భయమేస్తుందా అని. అది యాంగ్జైటీ. మన సినిమాల వల్ల డిప్రెషన్ అంటే చీకటి గదిలో గోడకి ఆనుకుని కూర్చోవడం అనుకుంటాం. మా అక్క ఒక్కరోజు కూడా అలా కూర్చోలేదు. ఉతికిన గుడ్డలే మళ్ళీ ఉతికేది. పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది, గంటకి పదిసార్లు. చూసినవాళ్ళు "ఎంత జాగ్రత్త పిల్లో" అని మెచ్చుకున్నారు.

మార్కుల సంగతి. సాధారణంగా 13 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టర్ దగ్గరికి పంపాలంటారు, చాలాచోట్ల 10 నుంచే జాగ్రత్తపడతారు. భాషని బట్టి, ఊరిని బట్టి ఈ గీత మారుతుంది. ఇది స్క్రీనింగ్ మాత్రమే, జబ్బు ఉందని తేల్చే పరీక్ష కాదు. ఆ వారం ఇంట్లో ఏదో గొడవైతే ఒకామెకి 14 రావచ్చు, రెండు వారాలాగి మళ్ళీ అడిగితే 6 రావచ్చు. అటువైపు 4 వచ్చినామెకి అసలు జబ్బు ఉండొచ్చు, మీరు విన్నారుగా. జ్వరం చూసే థర్మామీటర్ ఉంటుంది చూడండి, అది టైఫాయిడా డెంగీనా చెప్పదు. ఒళ్ళు కాలుతుందని చెప్పుద్ది, అంతే.

కానీ పదో ప్రశ్న వేరు. తనకి తాను హాని చేసుకోవాలని అనిపించిందా అనేది. దానికి "ఎప్పుడో ఒకసారి" అన్నా సరే, మొత్తం మార్కులు ఎన్నైనా సరే, ఆ రోజే కదలాలి. రేపు కాదు. చెల్లి కింద ఆ ప్రశ్న చదవకుండా ఆపేసింది అన్నాను కదా, మంచి పని చేసింది. అత్తగారి ముందు ఆ ప్రశ్నకి నిజం చెప్పగలిగిన కోడలు ఎవరుంటారు?

ఈ స్కేల్ ఎలా వాడాలో దాన్ని చేసినవాళ్ళే రాశారు. తల్లి తనే స్వయంగా నింపాలి, జవాబులు పక్కవాళ్ళతో చర్చించకుండా చూడాలి అని. చదువురాని వాళ్ళకి మాత్రం చదివి వినిపించవచ్చు. అదీ మొదట మిమ్మల్ని ఒక్కరే వినమన్నది. మన ఇళ్ళల్లో ఒక బాలింతకి ఒంటరిగా పది నిమిషాలు దొరకడం ఎంత కష్టమో ఆలోచించండి. ఒళ్ళో బిడ్డ, పక్కన అమ్మ, గుమ్మంలో చూడ్డానికొచ్చిన అమ్మలక్కలు. పగలేమో అసలు ఎవరూ ఉండరు, సాయంత్రమైతే అందరూ ఉంటారు. మనసు విప్పి మాట్లాడ్డానికి ఒక్క మనిషి ఉండే టైం మాత్రం లేదు. మా ఇంట్లో అది మేడ మీద, ఆరేసిన బట్టల మధ్య దొరికింది.

ఇది మా అక్క ఒక్కదాని కథే అయితే ఎపిసోడ్ చేసేవాణ్ణి కాదు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ఒక పెద్ద లెక్క వచ్చింది. మన దేశంలో జరిగిన 38 స్టడీలు, 20 వేల మందికి పైగా తల్లులు. అన్నీ కలిపి చూస్తే కాన్పు తర్వాత డిప్రెషన్ 22 శాతం. అంటే నూటికి ఇరవై రెండు మంది. మీ వీధిలో ఈ ఏడాది ఎన్ని ఉయ్యాల ఫంక్షన్లకి వెళ్ళారో లెక్కేసుకోండి. అందులో ప్రతి ఐదింటిలో ఒకటి.

ఎందుకొస్తుంది అంటే ఒక్క కారణం ఉండదు. కాన్పవగానే ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, అది నిజం. కానీ అదొక్కటే కాదు. 2002లో గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ వాళ్ళు చేసిన స్టడీ చాలా పేరున్నది. అక్కడ కూడా నూటికి ఇరవై మూడు మందికి ఉంది. ఎవరికి ఎక్కువ వచ్చిందో చూస్తే, డబ్బు ఇబ్బంది ఉన్న ఇళ్ళు, భర్త కొట్టే ఇళ్ళు, ఇంకా ఆడపిల్ల పుట్టిన ఇళ్ళు. మూడోది వింటే నాకు మా ఇల్లే గుర్తొచ్చింది. మా ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. నిజంగా అనలేదు. కానీ పాప పుట్టిన రోజు ఫోన్లు వస్తుంటే, "ఆడపిల్లా? పర్లేదులే, లక్ష్మి" అన్నారు అందరూ. ఆ "పర్లేదులే" ఎన్నిసార్లు వచ్చిందో అక్క లెక్కపెట్టింది. పదకొండు. మేడ మీద చెల్లికి చెప్పిన వాటిలో అదొకటి.

ఇది కాన్పయ్యాకే మొదలవుద్ది అనుకోకండి. చాలామందికి కడుపుతో ఉన్నప్పుడే మొదలవుద్ది. అప్పుడు "వేవిళ్ళు, నీరసం" అని సరిపెట్టేస్తాం. అందుకే బ్రిటన్‌లో గర్భిణీగా మొదటిసారి చూపించుకోడానికి వెళ్ళినప్పుడే అడగమంటారు, రెండే ప్రశ్నలు దిగులు గురించి: ఈ నెల రోజుల్లో తరచుగా దిగులుగా, ఏ ఆశా లేనట్టు అనిపించిందా? ఇష్టమైన పనుల మీద మనసు పోవట్లేదా? కంగారు గురించి ఇంకో రెండు. దేనికైనా అవును అంటే అప్పుడు వివరంగా చూస్తారు. ఇక్కడ మనకి ప్రతి నెలా 9వ తేదీన గర్భిణీలకి చెకప్ ఉంటుంది, బరువు, బీపీ, రక్తం చూస్తారు. మీ అక్కనో వదిననో మీరే బండి మీద తీసుకెళ్తుంటే, ఈ ప్రశ్న కూడా అడగమని అక్కడ నర్సమ్మని అడగొచ్చు. తప్పేం లేదు. కాన్పయ్యాక ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకి ఇంటికొస్తారు. ఆరు సార్లు! పాప బరువు, ఒంటి వేడి, బొడ్డు చూస్తారు. ఆరోసారి వచ్చే టైంకే పాపకి ఆరు వారాల టీకా కూడా పడుద్ది. ఆ ఆరుసార్లలో ఒక్కసారి తల్లిని పక్కకి తీసుకెళ్ళి అడిగితే చాలు.

"ఆశాలకి ఇప్పటికే బోలెడు పని, దీనికి ట్రైనింగ్ ఎక్కడిది" అంటారా. మన రాష్ట్రంలోనే చేసి చూశారు. పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు స్మార్ట్ మెంటల్ హెల్త్ అని ఒక ప్రాజెక్ట్ నడిపారు, నలభై రెండు ఊళ్ళల్లో. ఆశాల చేతికి ట్యాబ్‌లు ఇచ్చి, ఇంటింటికీ వెళ్ళి డిప్రెషన్, యాంగ్జైటీ ప్రశ్నలు అడిగించారు. అది బాలింతలకే అని కాదు, ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ. ఎక్కువ మార్కులొచ్చిన వాళ్ళ వివరాలు పీహెచ్‌సీ డాక్టర్ ట్యాబ్‌కి వెళ్ళేవి, తర్వాత ఆశా వెళ్ళి మందులు వాడుతున్నారా, డాక్టర్ని కలిశారా అని కనుక్కునేది. ఇది పిచ్చి కాదని చెప్పడానికి ఊళ్ళల్లో వీడియోలు, నాటకాలు కూడా వేశారు. అంతకుముందు డాక్టర్ ముఖం చూడనివాళ్ళు చాలామంది వైద్యానికి వెళ్ళారు. కేరళలో అయితే తల్లుల కోసమే అమ్మ మనసు అని ప్రోగ్రామ్ ఉంది. అంటే చేయలేనిది కాదు.

అడిగి వదిలేస్తే మాత్రం అడగకపోవడం కన్నా అన్యాయం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్పు తర్వాత స్క్రీనింగ్ చేయమని చెప్తూనే, మార్కులు ఎక్కువొచ్చినవాళ్ళకి వైద్యం కూడా అందేలా ఉండాలి అని అదే వాక్యంలో చెప్పింది. యాప్‌లలో ఉండే క్విజ్‌లతో నాకున్న గొడవ ఇదే. రాత్రి మూడింటికి ఒంటరిగా ఒకామె నింపుద్ది, "మీ స్కోర్ 19" అని ఎర్ర అక్షరాల్లో వస్తుంది, తర్వాత యాడ్ వస్తుంది. ఆ 19ని పట్టుకుని ఆమె ఏం చేయాలి?

మేం ఏం చేశామో చెప్తాను. చెల్లి మెట్లు దిగి మొదట నన్నే పిలిచింది. "టెలీ మానస్‌కి చేద్దాం, నీ ఫోన్ నుంచి" అంది. నంబర్ 14416. రాసుకోండి, ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అక్క మళ్ళీ మేడ మీదికెళ్ళి మాట్లాడింది. నా పని ఆ కాసేపు ఎవరినీ మెట్లెక్కనివ్వకపోవడం. బావ వాళ్ళమ్మ రెండుసార్లు లేచింది, రెండుసార్లూ టీ పెట్టి కూర్చోబెట్టా. నా జీవితంలో నేను చేసిన ముఖ్యమైన టీలు అవే.

బావకి ఆ రాత్రే చెప్పాం. బావ ముందు నమ్మలేదు, "పొద్దున నాతో బానే మాట్లాడిందిగా" అన్నాడు. తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు. పండగ సెలవులు అయిపోతున్నా ఆగాడు. ఇద్దరూ పాపని తీసుకుని ఒంగోలు పెద్దాసుపత్రికి వెళ్ళారు, మనవాళ్ళు ఇంకా రిమ్స్ అనే అంటారు కదా, అక్కడ మానసిక వైద్యం ఓపీ ఉంటుంది. అమ్మ మాత్రం గొడవ చేసింది. "ఆ డాక్టర్ దగ్గరికి వెళ్ళిందని తెలిస్తే రేపు కాపురం ఏం కావాలి, ముందు దిష్టి తీయిద్దాం" అని. చెల్లి చాలా తెలివిగా, "తీయించు పెద్దమ్మా, అదీ చేద్దాం, ఇదీ చేద్దాం" అంది. అమ్మని ఓడించాలని చూస్తే ఆ రోజు ఒంగోలు వెళ్ళేవాళ్ళం కాదు.

అక్కకి అసలు భయం వేరే ఉంది. మనసు బాగోలేదని చెప్తే పాపని తన దగ్గర్నుంచి తీసేస్తారేమోనని. ఇది చాలామందికి ఉంటుందంట, అందుకే నోరు విప్పరు. ఇలా వైద్యానికి వెళ్ళినంత మాత్రాన బిడ్డని ఎవరూ తీసుకోరు. ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినా సరే, మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడేళ్ళలోపు బిడ్డని మామూలుగా తల్లి నుంచి వేరు చేయకూడదు అంటుంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డని కలిపి ఉంచి వైద్యం చేసే వార్డు 2009 నుంచి ఉంది.

డాక్టర్ ముందు రక్త పరీక్ష, థైరాయిడ్ రాశారు. రక్తం తక్కువున్నా, కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా చేసినా ఇలాంటి లక్షణాలే వస్తాయి కాబట్టి. తర్వాత ఒక మాత్ర ఇచ్చారు. పాలిచ్చే తల్లులు వాడగలిగే మందులు ఉన్నాయి, కానీ ఏది, ఎంత అనేది డాక్టర్ చెప్పాల్సిందే. పక్కింటావిడ మాత్ర తెచ్చి వేసుకోవద్దు, బాగుందని మధ్యలో ఆపొద్దు. మందుతో పాటు ఇంకోటి రాశారు, అది చీటీ మీద కాదు, బావకి చెప్పారు: రాత్రి ఒకేసారి నాలుగైదు గంటలు ఈమె కదలకుండా పడుకోవాలి, అప్పుడు బిడ్డ మీది. మందు రెండో రోజే పనిచేయదు. మూడు నాలుగు వారాలు పట్టింది. మధ్యలో ఒక వారం ఇంకా బాగోలేదు కూడా. అమ్మ చేనుకి పోవడం మానలేదు, మానితే కౌలు ఎవరు కడతారు, కానీ మధ్యాహ్నం నేను ఇంటికొచ్చేలా కాలేజీ టైం చూసుకున్నాం. పాపకి స్నానం చేయించడం ఇప్పుడు నాకొచ్చు. కాళ్ళ మీద పడుకోబెట్టి, అమ్మ చేయించినట్టే.

మందులే గతి అని కూడా కాదు. పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గర పల్లెల్లో, మన ఆశాల్లాంటి ఆరోగ్య కార్యకర్తలు ఇళ్ళకెళ్ళి డిప్రెషన్ ఉన్న తల్లులతో పద్ధతిగా మాట్లాడారు. 2008లో ఆ ఫలితం వచ్చింది. ఆరు నెలలకి చూస్తే, ఆ మాటలు అందిన తల్లుల్లో 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది, అందనివాళ్ళలో 53 శాతం. మందు బిళ్ళ లేకుండా. ఎవరికి ఏది అవసరమో డాక్టర్ చూసి చెప్తారు.

రెండు తేడాలు గుర్తుపెట్టుకోండి, ఇవి కన్ఫ్యూజ్ అయితే కష్టం. కాన్పైన మూడో రోజు, నాలుగో రోజు ఊరికే ఏడుపొస్తుంది చాలామందికి, సగం మంది కన్నా ఎక్కువకే. అది రెండు వారాల్లో దానంతటదే పోతుంది, దగ్గరుండి అన్నం పెట్టి పడుకోనిస్తే చాలు. రెండు వారాలు దాటినా పోకపోతే అప్పుడు అడగాలి. ఇంకోవైపు, వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వచ్చేది ఉంది, మొదటి రెండు వారాల్లో ఎక్కువగా. ఒక్కసారిగా మొదలవుద్ది. అస్సలు నిద్ర ఉండదు, మాటలు పొంతన ఉండవు, లేనివి వినిపిస్తాయి, బిడ్డ గురించి వింత నమ్మకాలు. మన ఊళ్ళల్లో దాన్నే "గాలి సోకింది" అంటారు, తాయెత్తు కట్టిస్తూ మూడు నాలుగు రోజులు పోగొడతారు. ఆ పరిస్థితిలో ప్రశ్నలూ వద్దు, మార్కులూ వద్దు. తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి. అదే రోజు.

ఫోన్ చేతిలో ఉన్న మీకు ఇంకో చిన్న మాట. ఆ పది ప్రశ్నలు ఫ్యామిలీ గ్రూపులో ఫార్వర్డ్ చేయకండి. "వదినా ఇది ఫిల్ చేయి" అని అందరి ముందు వాట్సాప్‌లో పెడితే మళ్ళీ 4 వస్తుంది. స్కోర్ స్క్రీన్‌షాట్ ఎవరికీ పంపకండి. ఆమె ఫోన్ ఇంట్లో నలుగురు చూస్తారనిపిస్తే మీ ఫోన్ ఇవ్వండి, మీరు బయటికెళ్ళండి. మా ఊళ్ళో క్వారీల పనికి వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. అక్కడ కాన్పైన ఆడవాళ్ళకి పుట్టిల్లు వందల కిలోమీటర్ల దూరం, అడగడానికి పిన్ని కూతురు కూడా ఉండదు. 14416లో వాళ్ళ భాషల్లో కూడా మాట్లాడతారు, మీకు తెలిసినవాళ్ళుంటే ఆ నంబర్ ఇవ్వండి.

అక్క ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంది. పాపకి పళ్ళొస్తున్నాయి. అక్కకి ఇంకా మందు నడుస్తుంది, డాక్టర్ చెప్పేదాకా వాడాలి. రాత్రుళ్ళు ఎప్పుడన్నా ఇప్పటికీ లేచి చూస్తుందంట, గంటకి పదిసార్లు కాదు, ఒకసారి.

ఈ ఎపిసోడ్ మొత్తం రాసి, రికార్డ్ చేసే ముందు అక్కకి ఫోన్లో చదివి వినిపించా. అంతా విని, టీల దగ్గర బాగా నవ్వింది. తర్వాత కాసేపు ఆగి, "అన్నీ కరెక్టే గానీ, ఆ 17 తప్పురా" అంది. మేడ మీద కూడా పదో ప్రశ్నకి "ఎప్పుడో ఒకసారి" అని చెప్పిందంట. ఒక్కసారి కాదంట.

ఉంటానండి. 14416.